మూడో సొరుగు

ఆసుపత్రి వరండాలోంచి ఆమె ఫోను చేసింది. అవతల ఉన్నది ఆమె బాబాయి, వడ్రంగి.

“బాబాయ్, పాపకి వాంతులు ఆగట్లేదు. అమ్మ సొరుగుల బల్లని నువ్వు మొక్కల తొట్టి చేసిచ్చావే, అందులో కోసిన ఆకుకూరే తింది. ఆ చెక్కకి ఏం పూశారని డాక్టరు అడుగుతున్నారు.”

“ఏ సొరుగులో కోశావ్?”

“మూడోదాన్లో.”

“అయ్యో! అందులో పూలమొక్కలే వెయ్యాలమ్మా. అందుకేగా పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టాను!”

“నువ్వు గీతలు గియ్యని చెక్క ఎక్కడైనా ఉందా? కొలత గుర్తేమో అనుకున్నా. ఇంతకీ ఆ గుర్తెందుకు?”

“దానికి చెదలు పట్టాయి...”

“పడితే?”

“మీ అమ్మే ఎప్పుడో ఏదో మందు పూసుంటుంది.”

“అమ్మ పోయి ఆరేళ్లయింది. మందు అమ్మ పూస్తే గుర్తు నువ్వెలా పెట్టావ్? పాప కళ్లు తేలేస్తోంది బాబాయ్, నీ కాళ్లు పట్టుకుంటా, ఎవరు పూశారో చెప్పు!”

“ఫోను డాక్టరుగారికివ్వు. డబ్బా నా చేతిలోనే ఉంది, మందు పేరు చదువుతా.”

“ఎవరు బాబాయ్?”

“నేనే తల్లీ. నేనే పూశాను.”