సగం నేసిన శాలువ

తౌసీఫ్ ప్రాణంగా అభిమానించిన ఫ్రాన్సులోని బోర్డో ఫుట్‌బాల్ క్లబ్బుకు ప్రొఫెషనల్ హోదా పోయిన రోజు, ఆ కబురు పట్టుకుని అతని స్నేహితుడు ధర్మవరంలో వాళ్ల ఇంటికి వచ్చాడు. తౌసీఫ్ చనిపోయి రెండు నెలలైంది. తౌసీఫ్ నాయన మగ్గం దగ్గర ఉన్నాడు.

“చాచా, మావోని క్లబ్బు పడిపోయినాది.”

“ఏమబ్బా, తమాషానా? నూటనలభై ఏండ్ల క్లబ్బు! ఆరుసార్లు ఫ్రాన్సు లీగ్ గెల్చిందని వాడు నా చెవులు తూట్లు పొడుస్తాండె.”

“నిజం చాచా. ఇంక నాలుగో డివిజన్‌లోనే.”

నాయన పోగు నేసే నాడెను మగ్గం మీద పక్కన పెట్టాడు.

“వాడు పోయినా ఆ క్లబ్బన్నా ఉండాదిలే అనుకుంటి...”

“వాడు సగం నేసి పెట్టిన ఆ నీలం శాలువ ఇంక మగ్గం మీంచి కోసేస్తావా చాచా?”

“ఆడేది మానుకున్నారా?”

“లేదు, ఆడతారు.”

“అయితే ఎట్లా కోసేది?”

శాలువ మీద తౌసీఫ్ మొదలుపెట్టిన క్లబ్బు తెల్ల గుర్తులో రెండో సగం ఇంకా నేయలేదు.