అక్క కుట్టిన ఉన్ని గౌను

ఏంటే అమ్మడూ, నేలంతా ఆ కుట్టుపని పత్రిక పరుచుకుని కూర్చున్నావు? గౌను కుట్టుకుంటావా? నువ్వా? సరే సరే, మూతి ముడవకు, నేనేమన్నానిప్పుడు? ఆ మధ్యలో మడతపెట్టిన కాగితం ఇలా తే. అబ్బో, ఇంకా ఇలాగే గీస్తున్నారన్నమాట! డజను గౌన్ల గీతలు ఒకదాని మీద ఒకటి. మన గీత వెతుక్కునేసరికి కళ్ళు బైర్లు కమ్ముతాయి. నాకెలా తెలుసంటావేంటి? మా అక్క లేదూ, మీ నాన్న మేనత్త, నువ్వు పుట్టకముందే పోయిందిలే, ఇలాంటి కాగితం చూసే ఉన్ని గౌను కుట్టింది. దాన్ని మొట్టమొదట తొడుక్కున్న మనిషి ఇదిగో, నీ ఎదురుగా కూర్చున్నాడు. నవ్వు, నవ్వు. ఊరంతా నవ్వింది, నువ్వొక్కదానివే మిగిలావు.

అక్క మా ఊళ్ళో ఒక దర్జీ మాస్టరు షాపులో కాజాలు, గుండీలు కుట్టేది. తొమ్మిదేళ్ళు అదే పని. ఆ షాపులో కిటికీ పక్కన ఒక పెద్ద బల్ల ఉండేది, కోట్లు కత్తిరించే బల్ల. దాని మీద కత్తెర పట్టాలని మా అక్కకి ప్రాణం. కత్తిరించే ముసలాయనకి చెయ్యి వణుకుడొచ్చి మానేస్తే, వెళ్ళి అడిగింది. మాస్టరంటే ఎలాంటివాడనుకున్నావు? పొట్ట ముందొస్తే మనిషి వెనకొచ్చేవాడు. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడేవాడు. "కోటంటే గుడ్డ కాదమ్మా, లోపలున్న ఒళ్ళు తెలియాలి. మగవాడి ఒళ్ళు ఆడవాళ్ళకేం తెలుస్తుంది?" అన్నాట్ట. ఇద్దరు పిల్లల తల్లి మా అక్క. ఆవిడతో అన్నాడా మాట! అయినా వదల్లేదు, రోజూ చెవిలో జోరీగలా పోరితే ఆయనకీ విసుగొచ్చింది. ఎవరో పురమాయించి తీసుకెళ్ళని ముదురాకుపచ్చ ఉన్ని గుడ్డ ఒకటి పడుంటే, తీసి ముందర పడేశాడు. "సోమవారానికి ఆడవాళ్ళ గౌనొకటి కుట్టుకు రా. కాలరూ, లైనింగూ, అన్నీ ఉండాలి. నప్పితే బల్ల నీది. పాడుచేశావో, కాజాల పని కూడా ఉండదు" అన్నాడు.

బావగారప్పుడు పనిమీద వేరే ఊళ్ళో ఉండేవారు. నేను ఉద్యోగం సద్యోగం లేకుండా అక్క ఇంట్లో తిని కూర్చుంటున్నాను, ఇరవై మూడేళ్ళ దున్నపోతుని. ఇంట్లో నిలువుటద్దం లేదు. ఎవరి వీపు మీద వాళ్ళు గుండుసూదులు గుచ్చుకోలేరు కదా. "ఒరేయ్, నువ్వూ నేనూ ఒకే ఎత్తు, నడుమూ అంతే, స్టూలెక్కు" అంది. "మరి ముందు భాగం సంగతో?" అన్నాను. మేజోళ్ళు రెండు జతలు ఉండచుట్టి నా చొక్కాలో దోపింది. అవీ ఉన్నివే. ఇహ చూసుకో, దురద! అక్క ఏమో పనిలో పడితే మనిషిని చూడదు, గుడ్డనే చూస్తుంది. నేనేం చేశానంటే, రెండో రోజు అది ఇస్త్రీపెట్టె కోసం లోపలికెళ్ళగానే మేజోళ్ళు లాగి మంచం కిందికి విసిరేశాను. అది వచ్చి చూసింది, "ఇదేంట్రా, ఛాతీ దగ్గర ఇంత వదులు? ఈ పత్రికవాళ్ళు ఎవర్ని చూసి గీశారో, సిగ్గులేకపోతే సరి" అని వాళ్ళని తిట్టుకుంటూ టక్కుల కుట్లు విప్పి, లోపలికి పట్టేసి, మిగిలిన గుడ్డ కత్తిరించి పారేసింది. నాకు తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. చెబితే మళ్ళీ దోపుతుంది కదా. ఆదివారం మధ్యాహ్నానికి అయిపోయింది, కాలరు కత్తిలా నిలబడింది. ఒకసారి వేసుకుని చూడవే అంటే, "ఇస్త్రీ నలుగుతుంది" అంది మహాతల్లి.

సోమవారం అక్క వెంట నేనూ వెళ్ళాను, షాపు కిటకిటలాడుతోంది. బ్యాంకు మేనేజరు ఇంకా ఒక చెయ్యే కుట్టిన కోటుతో నిలబడ్డాడు, ఎవరో పెళ్ళికూతురి తరఫు ఆడవాళ్ళు నలుగురున్నారు. అక్క తెర వెనక్కి వెళ్ళింది. ఎంతకీ రాదే! మాస్టరు గొంతు సవరించుకున్నాడు. చివరికొచ్చింది. గుండీకీ కాజాకీ మధ్య బెత్తెడు దూరం, చంకలు పట్టేసి చేతులు కిందికి రావడం లేదు. ఆ ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. మాస్టరు నోట్లోంచి సూదులు తీసి, "ఇదేనామ్మా?" అన్నాడు, అంతే. అక్క మొహం పాలిపోయింది. దాని అన్నం తింటూ దాని నోటి దగ్గర కూడు నేను లాగేశాననిపించి చచ్చేంత సిగ్గేసింది. "మేజోళ్ళు తీసేశానే" అన్నాను. "ఎప్పుడు?" "రెండో రోజే." కళ్ళు మూసుకుంది. కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. కళ్ళు తెరిచి, "మాస్టారూ, ఒక్క నిమిషం. ఎవరి ఒంటి మీద కుట్టానో వాడే తొడుక్కుంటాడు, అప్పుడు చెప్పండి" అంది. వెళ్ళరా అని ఒక్క తోపు తోసింది నన్ను.

తెర దాటి వచ్చాను. కింద వెంట్రుకల కాళ్ళు, పైన మీసం, మధ్యలో గౌను. మేనేజరు నవ్వలేక గోడకేసి తిరిగాడు. వీధిలోవాళ్ళు అద్దానికి ముక్కులు ఆనించి మరీ చూశారు. మాస్టరు మాత్రం నవ్వలేదు. చుట్టూ తిరిగాడు, భుజం లాగాడు, చెయ్యెత్తమన్నాడు, కూర్చోమన్నాడు, వంగమన్నాడు. ఎక్కడా ముడత లేదే తల్లీ, గీసినట్టు కూర్చుంది. తర్వాత, "నువ్వు కుట్టింది గౌను కాదమ్మా, కోటు" అని తన కత్తెర తీసి ఆ బల్ల మీద పెట్టాడు.

ఇరవై ఆరేళ్ళు నిలబడింది ఆ బల్ల దగ్గర. ఆ మేనేజరే మొదటి బేరం. గౌను విప్పి నీకు సరిపడా కుట్టుకోవే అంటే, "వదులు చెయ్యడానికి గుడ్డేదిరా, నీ పుణ్యమా అని కత్తిరించి పారేశాగా. నువ్వే ఉంచుకో" అని నా మొహాన కొట్టింది. ఉంచుకున్నాను. పోయిన రోజు... అంటే అక్క పోయిన రోజు, అందరూ వెళ్ళాక, తలుపేసుకుని ఒకసారి తొడుక్కున్నాను. మీ నానమ్మకి చెప్పకు. పొట్ట దగ్గర గుండీ పట్టలేదనుకో. భుజాలు మాత్రం అలాగే కూర్చున్నాయి. విప్పబుద్ధి కాలేదే.

...

ఆ కాగితం అలా నలపకు. అటు పట్టుకో, నేను మడుస్తాను.