పక్కవాడు పొగిడిన కోడె

చెంచులక్ష్మి అని ఒక పిల్ల, ఇంజనీరింగ్ పాసై ఏడాదిగా ఇంట్లోనే ఉందంట. పనిమంతురాలే. ఊరి పాలకేంద్రం లెక్కలన్నీ సెల్‌ఫోన్లో కనపడేట్టు తనే ప్రోగ్రాం రాసిపెట్టింది. అయితే ఏం లాభం, ఉద్యోగానికి పంపే రెజ్యూమేలో ఆ ముక్క రాయాలంటే చెయ్యాడదు. మన ఊళ్ళ సంగతి మీకు తెలీందేముంది, తన గొప్ప తను చెప్పుకుంటే ఆయుష్షు తగ్గుద్దంటారు గదా. అందుకని ఏం రాసిందంటే, "మాస్టారి దయవల్ల, ఊరివాళ్ళ సహకారంతో జరిగింది, నేను కూడా ఉన్నాను" అని రాసింది. నా బి.ఏ. రోజుల్లో అర్జీ అంటే అట్లాగే ఉండేది, కింద 'తమ విధేయుడు' అని రాస్తే చాలు, గుమాస్తాగిరీ వచ్చేది... సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు. ఎన్ని కంపెనీలకి పంపినా ఒక్కళ్ళూ పిలవలా. వాళ్ళ నాయన ఏమన్నాడంటే, ఈ వేసవి చూస్తానమ్మా, ఆపైన కనిగిరి పోయి మీ బావ ఎరువుల కొట్లో బిల్లులు రాద్దువుగాని అన్నాడు. ఆ మాటతో పిల్లకి అన్నం సయించలేదనుకో.

అప్పుడు ఏమైందంటే, వాళ్ళ తాత తిరుపాలు కోడెదూడని సంతకి తోలుకుపోతా తోడు రమ్మన్నాడు. ఆ సంతలో ఒక రివాజుంది. ఎవడి పశువుని వాడు పొగుడుకోడు. పక్కన కట్టేసుకున్నవాడు పొగడాల, వాడిదాన్ని వీడు పొగడాల. పొగిడినవాడు ఒక తప్పు కూడా చెప్పి తీరాల, లేకపోతే కొనేవాడు నమ్మడు. తాత కోడె గురించి పక్కవాడు అన్నాడు గదా, "ఇది ఎద్దని నేను చెప్పను, ఇంకా కోడెదూడే. దుక్కి తెలీదు, బండి లాగుద్ది. అయితే ఎడమపక్క నిలబడితే తంతది." కొనేవాడు ఎడమపక్కకి పోయి నిలబడ్డాడు. తన్నింది. "నిజమే చెప్పావయ్యా" అని మోకాలు రుద్దుకుంటా తోలుకుపోయాడంట. నవ్వమాకండి, నేనూ చూశా అట్టాంటివి.

చెంచులక్ష్మి తిన్నగా మాల్యాద్రి దగ్గరికి పోయింది. వాడూ ఆమెతో చదివినవాడే, వాడికీ ఉద్యోగం లేదు. ఒరే, నా రెజ్యూమే నువ్వు రాయి, నీది నేను రాస్తా, ఒక తప్పు కూడా పెట్టాల, రాసింది చూపించుకోకూడదు అంది. "చూపించకపోతే ఎట్టా మే?" అన్నాడు వాడు. "ఎద్దుకి చదివి వినిపిస్తారా ఏందిరా?" అంది. వాడు కాగితం ముందేసుకుని రాశాడు.

హైదరాబాదు కంపెనీ ఒకటి ఇద్దర్నీ పిలిచింది. ఉద్యోగం మాత్రం ఒకటే. అక్కడ పెద్ద మేడం ఆ పాలకేంద్రం ప్రోగ్రాం తెరిపించి చూసి, ఎవరూ పాలు పొయ్యని రోజు సగటు ఎంత చూపిస్తుందమ్మా అని అడిగింది. చూస్తే, సున్నాతో భాగించలేక ప్రోగ్రాం ఆగిపోయింది. పిల్ల మొహం కందగడ్డ అయింది. "మా ఊళ్ళో పాలు పొయ్యని రోజే ఉండదండీ" అని విసురుగా లేచి, నమస్కారం కూడా మరిచిపోయి వచ్చేసింది. బస్సులో కూచుంటే అప్పుడే ఎరువుల వాసన ముక్కుకి తగిలినట్టుందంట. ఇంటికొచ్చి అలిగి పడుకుంది. పొద్దున్నే లేచి మాత్రం ఆ తప్పు సరిచేసి మేడానికి పంపింది. మేడం దాన్ని చూసి, రెజ్యూమే మళ్ళీ తీసింది. అందులో మాల్యాద్రి రాశాడు: "పాలకేంద్రం ప్రోగ్రాం ఒంటిచేత్తో రాసింది, ఊరంతా వాడుతోంది. ఇంకా జూనియరే, పెద్ద పనులు మీరే నేర్పుకోవాలి. తప్పు చూపిస్తే అలుగుతుంది, మర్నాటికి సరిచేస్తుంది." చెప్పిన కోడె చెప్పినట్టే నడిచింది, ఇంక బేరమేముంది? ఫోన్ చేసి రమ్మంది.

మరి మాల్యాద్రి ఏమయ్యాడంటారా? వాడి గురించి చెంచులక్ష్మి, పని చక్కగా చేస్తాడు గానీ తప్పుందంటే ఒప్పుకోడు అని రాసిందంట. ఇది నిజమేనా బాబూ అని మేడం అడిగితే, "అబద్ధమండీ, నేను ఎవరేం చెప్పినా ఒప్పుకుంటా" అన్నాడంట. ఆ పిల్ల రాసింది అక్షరాలా నిజమని వాడే రుజువు చేశాడు, కాదనను. ఇప్పుడు కనిగిరిలో ఎరువుల బిల్లులు వాడే రాస్తున్నాడు. నేను చెప్పేదేందంటే నాయనా, తన్నే కోడెనైనా కొంటారు గానీ, తన్ని తన్నలేదనే కోడెని ఏ సంతలోనూ కొనరు.