అల చచ్చిన కంచు

రెండు కంచు పలకలను ఒకేసారి కొట్టిన వాద్యకారిణి మళ్లీ కొట్టి చూసింది; మోతలో అల లేదు. బాలి ద్వీపంలోని ఆ ఊరి వీధిలో, ఆమె తల్లిని దహనానికి భుజాలపై మోసుకెళ్లే వెదురు గోపురం సిద్ధంగా ఉంది. శ్రుతి చేసే మేనమామ పక్కనే కూర్చున్నాడు.

“మావయ్యా, ఇవి రెండూ ఒక్కలాగే మోగుతున్నాయి.”

“నా వైపు తిరిగి చెప్పు.”

“ఒక్కలాగే మోగుతున్నాయి అంటున్నా. ఒకటి రవ్వంత హెచ్చులో ఉండాలని నేర్పింది నువ్వేగా. అప్పుడే రెండు మోతలూ ఓసారి కలిసి పొంగుతాయి, ఓసారి ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఆ ఊగుడే అల, అది లేకపోతే కంచుకి ప్రాణం లేదన్నావు.”

“నా శిష్యుడు సుకర్తా గాడి పనై ఉంటుంది. ఫోన్ చూసి శ్రుతి చేస్తాడు వెధవ.”

“వాడు ఊళ్లోనే లేడు. పలక కింద శ్రుతి మార్చడానికి గీసిన ఆకురాయి గీతలు ఇంకా మెరుస్తున్నాయి చూడు. ఎవరు చేస్తేనేం, ఇప్పుడు సరిచెయ్యి.”

“నా వల్ల కాదమ్మా.”

“నీ చెవికి సాటి ఎవరు? గోపురం లేపుతున్నారు మావయ్యా. అల లేని మోతతో అమ్మని ఎలా సాగనంపను? నీ కాళ్లు పట్టుకుంటాను.”

“వద్దే, లే. గీసింది నేనే. నిన్న కొడితే అల వినపడలేదు. అక్క కోసం ఇలాంటి కంచా అని కొంచెం గీశాను. అప్పుడూ వినపడలేదు, ఇంకాస్త గీశాను. నిన్న అల కంచులోనే ఉందే, గీసి గీసి నేనే చంపాను. పోయింది నా చెవి.”