జాబితాలో మరో రెండేళ్లు

అధ్యక్షపీఠంలో ఉన్న కెప్టెన్ లోరిమర్ గారికి, డండీ రిజర్వు నౌకాదళం పెద్దలకు, ముందు వరసలో వెలిగించని పైపు పీలుస్తూ కూర్చున్న టామ్ రెన్నీకి, మిగతా మిత్రులందరికీ నమస్కారాలు.

కెప్టెన్ గారు ఇప్పుడే దయతో ఒక మాటన్నారు. నేను ఊఁ అంటే నా పేరు రిజర్వు జాబితాలో మరో రెండేళ్లు ఉంటుందట. కొత్తవాళ్లకు జలాంతర్గామి పాఠాలు చెప్పవచ్చు. యుద్ధమొస్తే మళ్లీ పిలుపూ వస్తుంది. కూర్చునేలోపు జవాబు చెబుతాను.

యుద్ధానికి ముందు నేను జనపనార మిల్లులో రసాయన పరీక్షలు చేసుకుంటూ, శనివారాల్లో టే నది మీద తెరచాప పడవ నడుపుకునేవాణ్ణి. ఆపాటి అర్హతకే రిజర్వువాళ్లు నా కోటు చేతులకు తమ గుర్తుగా అలల్లా వంకర్లు తిరిగిన జరీ గీతలు కుట్టించి, జలాంతర్గామిలోకి దింపేశారు. లోపలి బరువు సరిచూడటం నా పని. మనిషి అటు నుంచి ఇటు నడిచినా, పడవ వాలకుండా తొట్లలో నీళ్లు మార్చాలి. మొదటిసారే, వంటవాడు ఎక్కించిన బంగాళాదుంపల బస్తాలను లెక్కలో మరిచాను. ముక్కు కిందికి పెట్టి రాయిలా దిగాం. అప్పుడు చుక్కాని పట్టుకున్న రెన్నీ వెనక్కి తిరక్కుండానే, "సార్, మునగడం దీనికి బాగానే వచ్చు. తేలడం కూడా నేర్పిస్తారా?" అన్నాడు. (నవ్వులు)

"ఇంకా చాలా అన్నాను, ఆడవాళ్లున్నారని దాస్తున్నారు!" అంటున్నాడు రెన్నీ. నిజమే.

నార్వే తీరంలో ఒకసారి శత్రు నౌకలు పగలంతా మా నెత్తిన తిరిగాయి. బాంబులు పడినంతసేపూ నీళ్ల అడుగునే ఉన్నాం. చివరికి వాటి చప్పుడు దూరమైంది. పైకి తేలి మూత తెరిచాం. బతికిపోయామని కేకలు వేసి ఉంటామనుకుంటారు. లేదు. రోజంతా చెడిన గాలి పీల్చినవాడికి మంచి గాలి కంపు కొడుతుంది. వరసగా కక్కుకున్నాం. రెన్నీ మూతి తుడుచుకుని, "ఛీ, పైనేదో చచ్చింది సార్," అన్నాడు. ఊపిరి అలవాటు పడ్డాకే మాకు నవ్వొచ్చింది.

నా భార్య మైసీ మార్చిలో పోయింది. మీలో చాలామంది వచ్చారు. రెండేళ్లు నొప్పితో ఉంది. ఆ ఉదయం నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, తేలిక. ఆ రోజు మూత తెరిచినప్పటి గాలిలా, ఆ తేలికే నాకు కంపు కొట్టింది. మీరు చేతులు పట్టుకుని ఓదారుస్తుంటే తల వంచుకున్నది అందుకే. ఇక వంచుకోను. ఆమెకు నొప్పి లేదు. అది మంచి సంగతే.

నా యుద్ధం నలభై అయిదులో ముగిసింది. మైసీది ముగియలేదు. కొరియా యుద్ధం అన్నారు, సూయజ్ గొడవ అన్నారు. తపాలావాడి అడుగు వినబడితే చాలు, చేతిలో పని వదిలేసేది.

"వంకర గీతలవాళ్లను అంత తొందరగా పిలవరులే," అనేవాణ్ణి.

"పోయినసారి నిన్ను పిలవలేదా ఏం? చాల్లే, జోకులు!" అనేది.

ఆసుపత్రిలో చివరి వారం అడిగింది: "అలిస్టర్, ఇక నిన్ను పిలవరు కదా?"

జవాబు చెప్పేలోగా నర్సు వచ్చింది. తర్వాత మైసీ మళ్లీ అడగలేదు.

కెప్టెన్ గారూ, మీరు నాకిచ్చిన గౌరవం చిన్నది కాదు. కానీ నా పేరు కొట్టేయండి.

"మరి మాకు పాఠాలెవరు చెబుతారు సార్?" అంటున్నారెవరో. రెన్నీ చెబుతాడు. నాకంటే బాగా తిడతాడు కూడా. (నవ్వులు)

ఈ మాట అనేశాక హాయిగా ఉంది. ఇంత హాయిగా ఉంటుందనుకోలేదు. రేపు పొద్దున శ్మశానానికి వెళ్తాను. అక్కడ చెప్పాల్సింది ఒక్క మాటే: పిలవరు.

ఇన్నేళ్లు నన్ను మీలో ఒకడిగా చూసుకున్నారు. అందరికీ కృతజ్ఞతలు. సెలవు.