బ్రాకెట్టు పర్సెంటైన కథ

చిక్కడపల్లిలో ప్రహ్లాద్ గారింటి వరండాలో ఆదివారం పొద్దున్నే బుచ్చిబాబు నోరు విప్పాడంటే ఇక భోజనం వేళ దాకా ఎవరూ లేవరు. ఆయనది కాకినాడ. ఆ ఇంటి వెనక గదిలో కిరాయికి ఉంటున్నాడు. పరీక్షలు పెట్టి గుమస్తాలను ఎంచే ఒక సర్కారు ఆఫీసులో కంప్యూటరు దగ్గర ఉద్యోగం. ఆ మిషన్ని కళ్లారా చూసినవాళ్లు ఆ వీధిలో ఇంకెవరూ లేరు కనుక దాని గురించి ఆయన ఏం చెప్పినా కాదనే దిక్కు లేదు.

ఆ ఆదివారం పక్కింటి జగదీశ్వర్ కూడా వచ్చి కూచున్నాడు. నారాయణగూడలో ఓ ప్రెస్సులో కంపోజిటరు అతను, సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చే పని. చెల్లెలు కమల ఆ గుమస్తా పరీక్షే రాసింది. ఇంటర్వ్యూకి పిలిచేవాళ్ల జాబితా శుక్రవారం అంటించారు. అందులో ఆమె పేరు లేదు. "అన్ని పేపర్లు మంచిగనే రాసిన అన్నా" అంటూ రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు. ఇంటర్వ్యూ మంగళవారం.

"బాబన్నా, ఆ మిషను పేర్లు మర్సిపోతదా?" అని అడిగాడు జగదీశ్వర్.

"మర్చిపోవడమా! అది మర్చిపోయినా నేను మర్చిపోనిస్తానా అండీ?" బుచ్చిబాబు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మొన్న బుధవారం ఏం జరిగిందో వినండి. పాసైన ఒక్కో అభ్యర్థికీ ఒక్కో అట్టముక్క. దాన్ని కార్డు అంటాం. పేరు ఎలా ఉంటే అలా దానికి చిల్లులు పొడుస్తారు పంచింగ్ అమ్మాయిలు. మిషను ఆ చిల్లులు చదువుకుని పేర్లు కాగితం మీద అచ్చు వేస్తుంది. సరే, పేరు పక్కన బ్రాకెట్లో కుమారి అని ఉండాలా? అక్కడ బ్రాకెట్టు లేదు! పర్సెంటు గుర్తు! ఎక్కడి పర్సెంటండీ అది? అందరూ కాగితం చూస్తున్నారు, నేను ఒక్కణ్ణే కార్డు తీసి చూశాను. ఇదిగో, ఇలాంటిదే."

జేబులోంచి కార్డు తీసి చూపించాడు. జగదీశ్వర్ చెయ్యి చాచి తీసుకున్నాడు. పైన సన్నగా అచ్చయిన పేరు, పక్కన కుమారి. రెండు వైపులా నిఖార్సైన బ్రాకెట్లు.

"గిక్కడ బ్రాకెట్టే ఉంది గదా?"

"అదే చిత్రం! మనిషి చూస్తే బ్రాకెట్టు, మిషను చూస్తే పర్సెంటు. ఆ తర్వాత నేనేం చేశానో తెలుసా? కళ్లు మూసుకుని నిలబడ్డాను. మిషన్లో కార్డులు పడుతుంటే టకటకమని చప్పుడొస్తుంది కదా, ఆ చప్పుడులో తేడా పట్టాను. మంచి కార్డు టక్ అంటుంది. చెడ్డది టుక్ అంటుంది."

"నిమిషానికి ఎన్ని వడతయి?" అన్నారు ప్రహ్లాద్ గారు.

"ఎనిమిది వందలండి, ఆయ్! పడేది పడుతుండగానే రెండు వేళ్లతో టుక్కులన్నీ లాగేశాను. మా ఆఫీసరు గారు నోరు వెళ్లబెట్టేశారు. అంతలో మిషను ఠక్కున ఆగింది. ఎందుకాగిందో తెలుసా? నన్ను చూడ్డానికి! కాగితం మీద దానంతట అదే అచ్చు వేసింది, 'బుచ్చిబాబు గారూ, నా వల్ల కావడం లేదు, మీరే చూసుకోండి' అని."

"తెలుగులనా?" అంది ప్రహ్లాద్ గారి భార్య అరుంధతమ్మ లోపల్నుంచి బియ్యం చాట పట్టుకొచ్చి కూచుంటూ.

"ఇంగ్లీషులోనే అమ్మా, కానీ గారూ అన్నది. సంస్కారం ఉన్న మిషను. సరే, కార్డులన్నీ మేడ మీదికి పట్టుకుపోయి ఎండకేసి ఎత్తాను. ఎనభై వేల కార్డులు, ఒక్క చేత్తో! ఆ చిల్లుల్లోంచి వెలుగు పడితే అడిక్‌మెట్ దాకా పట్టపగలు చుక్కలు పొడిచాయండీ. అశోక్ నగర్లో కోళ్లు గూళ్లలోకి దూరాయి. అప్పుడు కాగితాల దగ్గరికొచ్చి ఉఫ్ అని ఒక్క ఊదు ఊదాను. పర్సెంట్లన్నీ ఈగల్లా లేచాయి! చీపురుతో ఊడ్చి రెండు తట్టలకెత్తించాను. గీతలన్నీ ఓ తట్ట, సున్నలన్నీ ఓ తట్ట. సున్నలు నల్లకుంట మార్కెట్లో ఒకావిడ గాజులనుకుని పట్టుకుపోయింది."

ప్రహ్లాద్ గారు కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. జగదీశ్వర్ నవ్వలేదు. కార్డును వెలుగుకేసి పెట్టి చిల్లులే చూస్తున్నాడు. ప్రెస్సులో ఇలాంటిదే జరగడం అతనికి తెలుసు.

"బాబన్నా, జర ఆగు. మా ప్రెస్సుల అక్షరాల కేసులుంటయి, గూళ్లు గూళ్లుగ. పాత కేసుల కామా ఉన్న గూట్ల కొత్త కేసుల ఇంకేదో ఉంటది. నేను గూడు జూస్కొని చెయ్యి వెడ్త, అక్షరం జూడ. అందుకే కేసు మారిన దినం తప్పులొస్తయి. మీ ఆఫీసుల గీ చిల్లులు వొడిసే మిషన్లు అన్ని ఒక్క తీరేనా, పాతది ఒకటేమన్న ఉందా?"

బుచ్చిబాబు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "నీకు... ఇది రత్నమాల గారు చెప్పారా?"

"ఎవలామె?"

"పంచింగ్‌లో చేస్తారు. పాత మిషను ఆవిడదే."

"అంటే పాత మిషను బ్రాకెట్టుకు వొడిసే చిల్లు, కంప్యూటరుకు పర్సెంటు అన్నట్టు. గంతే గదా? మరి పర్సెంటొచ్చిన కార్డును మిషను ఏం జేస్తది?"

"పేరులో అక్షరాలూ చుక్కలూ బ్రాకెట్లూ తప్ప ఇంకేం కనిపించినా ఆ పేరు తప్పుల కాగితం మీద వేసి కార్డు పక్కకి తోసెయ్యమని మిషనుకి ముందే రాసి పెడతాం."

"తోసేస్తే జాబితాల రాదు."

"రాదు."

"మా కమల పేరు పక్కన గూడ కుమారి అనే ఉంటది గదన్నా."

అరుంధతమ్మ చాట కింద పెట్టింది. "ఆ కార్డులు ఇప్పుడు ఏడున్నయి బుచ్చిబాబూ?" అన్నారు ప్రహ్లాద్ గారు. ఆ గొంతులో ఇందాకటి సరదా లేదు.

బుచ్చిబాబు నేల చూపులు చూశాడు. "నా బల్ల కింద, ట్రేలో. ఆవిడ గురువారమే వచ్చి చెప్పారండి, పాత మిషను సంగతి. నేను అప్పటికే ఆఫీసరు గారితో అనేశాను, మిషను తప్పు చెయ్యదు సార్, దరఖాస్తుల్లోనే పేర్లు తప్పు రాశారు, అని. మళ్లీ పోయి తప్పు నాదే అనడానికి..."

"రెండు దినాల సంది ఏడుస్తుందే ఆ పిల్ల," అంది అరుంధతమ్మ.

జగదీశ్వర్‌కి కోపం రావాలి. కానీ చెల్లెలు బాగా రాసి ఉంటుందన్న మాట ఒక్కటే అతని చెవుల్లో గింగురుమంటోంది. కార్డు తిరిగి బుచ్చిబాబు చేతిలో పెట్టి, "రేపు పొద్దుగాల నేను గూడ వస్త అన్నా, ఆఫీసు గేటు దాక," అన్నాడు.

సోమవారం ప్రెస్సుకు సగం రోజు సెలవు పెట్టి గేటు బయట నిలబడ్డాడు. లోపల బుచ్చిబాబు ఆఫీసరు ముందుకు పోయి, తప్పు పేర్లది కాదు, తనదేనని ఒప్పుకున్నాడు. ఆఫీసరు అరిచిన అరుపులు గేటు దాకా వినిపించాయి. తర్వాత రత్నమాల కొత్త మిషను ముందు కూచుని ఆ కార్డులన్నీ మళ్లీ పొడిచింది. మూడు గంటలకు గోడ మీద రెండో జాబితా అంటించారు. జగదీశ్వర్ పోయి చెల్లెల్ని తీసుకొచ్చి చూపించాడు. పైనుంచి నాలుగో పేరు కమలది. పక్కన రెండు వైపులా బ్రాకెట్లు, బ్రాకెట్లలాగానే.

సాయంత్రం అందరూ వరండాలో చేరారు. కమల కూడా వచ్చింది. బుచ్చిబాబు మెట్ల మీదే కూలబడ్డాడు.

"ఎట్ల జరిగిందో చెప్పు," అన్నారు ప్రహ్లాద్ గారు.

"రత్నమాల గారు పొడిచారండి. నేను కార్డులు అందించాను."

"గంతేనా?"

"అంతేనండి."

అరుంధతమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది. రెండు గుక్కలు తాగాక బుచ్చిబాబు మెడ కొంచెం నిటారైంది.

"అందించడమంటే మామూలుగా కాదనుకోండి. మూడు వందల కార్డులు, గాల్లోంచి గాల్లోకి..."

"ముప్పై ఏడే బాబన్నా," అంది కమల. "జాబితా ముంగట నిలవడి నేను లెక్కవెట్టిన."