పొయ్యి పైన తడక

1991 మార్చి 4వ తేదీన డాక్టర్ కొలెట్ లిఫోకో గారు కాంగో నది ఒడ్డున కిసాంగానిలోని మన అటవీ పరిశోధనా కేంద్రంలో సహాయ పరిశోధకురాలిగా చేరారు. కొయ్యను కుళ్లబెట్టే శిలీంధ్రాలను గుర్తించడం, వర్గీకరించడం, భద్రపరచడం ఆమెకు అప్పగించిన బాధ్యత. భాండాగారంలో అప్పటికే ఉన్న నమూనాల చీటీల మీద చాలావరకు ఒకే మాట ఉండేది: ‘చచ్చిన మాను మీద’. ఏ మాను అన్నది లేదు.

ఆ లోటు ఆమెకు మింగుడుపడలేదు. అప్పటినుంచి ఆమె సేకరించిన ప్రతి శిలీంధ్రమూ తాను పెరిగిన మాను ముక్కతో సహా కేంద్రానికి చేరింది. ముక్క ఉంటే చెట్టు జాతి తెలుస్తుంది. కుళ్లిన తీరూ తెలుస్తుంది. బస్తాలు మాత్రం బరువెక్కాయి. కేంద్రం పడవ నడిపే బొసెంగే గారు ప్రతి ప్రయాణంలోనూ అడిగేవారు:

“కట్టెల అడితి ఎప్పుడు తెరుస్తున్నారమ్మా? నన్ను గుమాస్తాగా పెట్టుకోండి.”

“ముందు హమాలీ ఉద్యోగం ఖాళీగా ఉంది. ఎత్తు బస్తా.”

యుద్ధం నగరంలోకి వచ్చిన రోజుల్లో ఆమె భాండాగారం తాళంచెవిని మెడలో వేసుకుని తిరిగారు. 2006లో విభాగాధిపతి అయ్యారు. ఈ కాలమంతా ఒక శిలీంధ్రం ఆమె మనసులోంచి పోలేదు. ఉద్యోగం తొలినాళ్లలో లింబాలి అనే అడవిచెట్టు మాను మీద దొరికిన నమూనా అది. పరీక్ష పూర్తికాకముందే పురుగులు దాన్ని పొడి చేశాయి. చూపులకు అది అందరూ ఎరిగిన పాత జాతిలాగే ఉండేది. అయితే పాత జాతి తిన్న కొయ్య తెల్లబడి పీచుగా విడిపోతుంది. ఇది తిన్న కొయ్య గోధుమరంగుకు తిరిగి పలకలుగా పగిలింది. కొత్త జాతి అని ఆమెకు తెలుసు. చూపించడానికి చేతిలో ఏమీ లేదు.

2009లో లొమామి నది ఎగువన అది మళ్లీ దొరికింది. ఒకే ఒక్కటి. మాను ముక్కతో కలిపి కోసి, కాగితంలో చుట్టి, బస్తాలో పెట్టి బయలుదేరారు. లొమామి కాంగో నదిలో కలిసే సంగమానికి ఇవతల పడవ నీట మునిగిన దుంగను కొట్టుకుని తిరగబడింది. ఆమె, బొసెంగే గారు ఈది ఒడ్డెక్కారు. బస్తాల మూతులు విడిపోయాయి, కాగితాలు నానిపోయాయి, కొయ్య ముక్కలు ప్రవాహంలో తేలుతూ మలుపు దాటాయి.

“ప్రాణాలు దక్కాయి. అది చాలదా అమ్మా?” అన్నారు బొసెంగే గారు.

“చాలు. ఇప్పుడు పద, మలుపు అవతల ఏ ఊరుందో చూద్దాం.”

ఊరి పేరు యాలొసాసె. అక్కడికి నడిచి చేరేసరికి మరునాటి ఉదయమైంది. ప్రతి వంటపాక నుంచీ పొగ లేస్తోంది. ఆ పొగ చూసి ఆమె కాళ్లు ఆగిపోయాయి. నదిలో కొట్టుకొచ్చిన కట్టె పట్టుకున్నవారిదే అన్నది ఆ ఒడ్డున అందరికీ తెలిసిన సంగతి. మొదటి పాకలో అసాలే అనే ఆవిడ కసావా దుంపలు దంచుతున్నారు.

“నిన్న నదిలో చిన్న చిన్న కట్టెలు ఏమైనా వచ్చాయా అక్కా?”

“బోలెడు వచ్చాయి. అందరం ఏరుకున్నాం.”

“పొయ్యిలో పెట్టేశారా?”

అసాలే రోకలి ఆపారు. “తడి కట్టెను పొయ్యిలో పెడతామా? మా అత్త వింటే నన్ను పుట్టింటికి తోలేస్తుంది. ఎక్కడి నుంచి వచ్చావు చెల్లీ, పొయ్యి ముట్టించడం రాదా?”

“ఆవిడకి పుచ్చు కట్టెల మీదే మోజు. నన్నడిగితే నేను చెప్తాగా,” అన్నారు బొసెంగే గారు.

పొయ్యి పైన వేలాడే తడక మీద, చేపల పక్కన, నమూనాలు వరుసగా ఆరుతున్నాయి. కేంద్రంలో ఆరబెట్టే పెట్టెలో పెట్టినా అంత బాగా ఆరవు. చీటీలు లేవు, ముక్కలే చీటీలయ్యాయి. పాకపాకకూ వెళ్లి ఒక్కో తడక కిందా నిలబడి ఆమె మానులను గుర్తుపట్టి ఏరుకున్నారు. లింబాలి ముక్క చివరి పాకలో దొరికింది. గోధుమరంగు పలకలు అలాగే ఉన్నాయి. శిలీంధ్రం దానికి అంటుకునే ఉంది. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చున్నారు. ఇంటావిడ ఆకులో చేప పెట్టి ఇచ్చారు.

తడక మీది కట్టె తీసుకుంటే బదులు కట్టె పెట్టాలి. ఇద్దరూ మధ్యాహ్నం వరకు ఎండు కట్టెలు కొట్టి ప్రతి తడకనూ నింపారు. “పరిశోధన అన్నారు, చివరికి కట్టెల అడితే తెరిచారు,” అన్నారు బొసెంగే గారు, గొడ్డలి దించి.

రెండేళ్ల తర్వాత ఆ శిలీంధ్రం కొత్త జాతిగా ప్రకటితమైంది. కొలెట్ గారు దానికి యాలొసాసె పేరే పెట్టారు. నమూనాను పరీక్షించిన విదేశీ నిపుణుడు అన్నింటినీ అంగీకరించి, చేపల వాసన గురించి మాత్రం వివరణ కోరారు. నేడు మన కేంద్రంలో మాను ముక్క లేని నమూనాను ఎవరూ లోపలికి తీసుకోరు.

గత వారం పదవీ విరమణ సందర్భంగా భాండాగారం అప్పగిస్తూ ఆమె ఆ నమూనా ఉన్న పెట్టె తెరిచి వాసన చూశారు. “ఇంకా ఉంది,” అన్నారు. మెడలోని తాళంచెవి తీసి మనకిచ్చారు.

ఇసాంగిలో నది ఒడ్డున కట్టుకున్న ఇంట్లో కొలెట్ గారికి కంటిచూపు, కాలిసత్తువ చిరకాలం తోడుండాలి. పిల్లలు, మనుమలు చుట్టూ ఉండగా నిండు నూరేళ్లు ఆరోగ్యంగా జీవించాలి. నది ఏది తెచ్చినా, ఆమె పొయ్యి పైన దానికి చోటుండాలి.